మూడో పానా

ఎండ ఇంకా గోడ దిగకముందు, రాత్రంతా చల్లారిన ఇంజిన్‌కు పక్కనుండే చిన్న మూత తీస్తే లోపలి నుంచి ఒక వాసన వస్తుంది. పాత నూనె, ఇనుము, మూసి ఉన్న చీకటి కలిసిన వాసన అది. ఈ ఆదివారం అది ముక్కుకు తగలగానే నా నడుము దానంతటదే వంగింది. అంత తేలికగా వంగే నడుము కాదని నన్నెరిగిన వాళ్లందరికీ తెలుసు. చాలా ఏళ్ల కింద దాన్ని మొదటిసారి వంచిన మనిషి కోరుట్లలో మా ఎదురింటి ఖుర్షీద్ ఖాలా. ఖాలా అంటే పిన్ని. మీరు ఆమెను చూసి ఉండరు. చూసి ఉంటే మరచిపోయి ఉండరు.

మాది ఒకప్పుడు గడి, అంటే దొరల కోట, ఉన్న కుటుంబం. గొప్ప కోసం చెప్పడం లేదు, అలాగని దాచనూ దాచను. తాతగారి కాలంలో ఊరి భూమిలో సగం మాదే. నాన్నగారి కాలానికి దాయాదుల తగవులూ ఎండిన బావులూ మిగిలాయి. నా వంతు వచ్చేసరికి గడి కూడా పరుల చేతికి పోయింది. నాకు దక్కినవి ఇంటిపేరూ, నాన్నగారి నల్లని బుల్లెట్టూ. ఆ బండి మీదే కోరుట్లకు వచ్చి రెండు గదులు అద్దెకు తీసుకున్నాను. ఆ వీధిలో మగవాళ్లు తక్కువ. వానలు లేక, బోర్లలో నీళ్లు లేక, ఒక్కో ఇంటి నుంచి ఒక్కొక్కరు దుబాయికో మస్కట్‌కో వెళ్లిపోయారు. వాళ్ల బండ్లు మాత్రం పాత చీరలు కప్పుకొని వాకిళ్లలో నిలబడి ఉండేవి. నా పాస్‌పోర్టు కూడా అప్పటికే ఏజెంటు చేతిలో ఉంది. బహరైన్‌లో హెల్పరు పని. పోయినవాళ్లను నేనెన్నడూ తక్కువగా చూడలేదు. కానీ మా వంశంలో ఈ నేల మీద మిగిలినవాణ్ని నేనొక్కణ్నే. నేనూ వెళ్లిపోతే మా ఓటమికి నా చేత్తోనే సంతకం పెట్టినట్లవుతుందని అనిపించేది.

అప్పుడే ఒక దారి కనిపించింది. సిరిసిల్లలో ఒక విత్తనాల కంపెనీకి పొలాలు తిరిగి పంట చూసే మనిషి కావాలి. మనిషికి సొంత బండి ఉండాలి. సోమవారం ఆఫీసరును వెనక కూర్చోబెట్టుకొని వీర్నపల్లి వైపు పొలాలన్నీ చూపించి తీసుకురావాలి. మనిషీ బండీ నచ్చితే ఉద్యోగం, లేకపోతే బహరైన్. నా భయమంతా ఆ బండి గురించే. పొద్దున ఒక్క కిక్కుకు లేచేది. కొంత దూరం పోయి వేడెక్కాక ఆగిందంటే, చల్లారేదాకా ఎంత తన్నినా పలికేది కాదు.

శుక్రవారం మధ్యాహ్నం అలాగే ఆగిపోతే బస్టాండు నుంచి తోసుకుంటూ వస్తున్నాను. చెమటలు కారుతున్నా వీపు నిటారుగానే ఉంచాను. ఖాలా గుమ్మంలో కుట్టుమిషన్ ముందు కూర్చుని ఉంది. పళ్ల మధ్య దారం పట్టుకునే నవ్వింది.

"ఏం దొరబాబూ, గుర్రాన్ని నువ్వు తోలుకస్తున్నవా, గుర్రమే నిన్ను తోలుకస్తున్నదా?"

తల తిప్పకుండా తోస్తూనే ఉన్నాను. మా వంశంలో ఎవరికీ వీధిలో నిలబడి మాట్లాడే అలవాటు లేదు.

"మాట్లాడకుంటె మానె. ఒక్కటి చెప్పు. పొద్దుగాల మంచిగ లేస్తది, ఏడెక్కినంక సస్తది. కిక్కు కొడితె కాలు ఊకనే జారిపోతది. ఔనా?"

ఆగిపోయాను. "ఔను. మీకెట్ల తెలుసు?"

"చెవులున్నయి గద! నువ్వు పోతుంటె వింటనే ఉన్న. ఇంజిన్ల టకటకమనే టాపెట్ సప్పుడే లేదు. ఎవడో దాని గొంతు పిసికిండు."

ఆమె భర్త బస్టాండు దగ్గర మెకానిక్ షెడ్డు నడిపి, గిరాకీ పడిపోయాక మస్కట్ పోయాడు. షెడ్డు మూసేదాకా ఆయన పక్కన పనిచేసింది ఖాలాయే. ఆ సంగతి వీధికంతా తానే చాటింది. తన పనితనం గురించి చెప్పుకోవడానికి ఆమె ఎవరి నోరూ అరువు తెచ్చుకునేది కాదు.

బండి గొంతు పిసికింది ఎవరో నాకు తెలుసు. ఇంజిన్ నుంచి టకటకమని చప్పుడు వస్తే నాన్నగారు సహించేవారు కాదు. దొరల బండికి దగ్గు పట్టుకుందని ఊరు నవ్వుతుందని ఆయన భావం. జగిత్యాల నుంచి మెకానిక్‌ను పిలిపించి, చప్పుడు పోయేదాకా బిగించమనేవారు. ఆయన తర్వాత ఆ ఆజ్ఞనే నేనూ కొనసాగించాను. అదే మాట ఖాలాతో అన్నాను. "మా ఇంట్ల ఈ బండి ఎన్నడూ చప్పుడు చెయ్యలే. నాయిన చెయ్యనియ్యలే."

ఖాలా మిషన్ ఆపింది. "నేను సిరిసిల్ల బిడ్డను. మరమగ్గాల సాంచెల నడుమ పుట్టిన. మా నాయిన మగ్గాలు టకటక అంటెనే ఇంట్ల పొయ్యి ఎలిగేది. సప్పుడు బందైన నాడు అందరం పస్తులే. సప్పుడు లేదని మురిసేటోన్ని నిన్నే చూస్తున్న బేటా." మళ్లీ మిషన్ తొక్కుతూ అంది. "ఆదివారం తెల్లారంగనే తే. రాత్రి దాన్ని ముట్టకు. ఇంజిను సల్లగ ఉండాలె."

ఆదివారం పొద్దున బండిని ఆమె వాకిట్లో నిలిపి, చేతులు కట్టుకొని నిలబడ్డాను. ఖాలా నూనెగుడ్డలో చుట్టిన పానాలు మూడు తెచ్చింది. రెండు నా ముందు పడేసి ఒకటి తన దగ్గర ఉంచుకుంది.

"నేను చెయ్య. పట్టుకుంట. మూడో పానా నాది. మా ఆయనకు నేను పట్టిన, నీకూ పడుత. దీనికి రెండు చేతులు సరిపోవు, ఎంత పెద్ద దొర చేతులైనా సరే. కూసో."

కూర్చోవలసింది మట్టిలో, వీధికి ఎదురుగా. బిందెలతో పోయే ఆడవాళ్లు నడక తగ్గించారు. గడి వారసుణ్ని నేల మీద చూడటం వాళ్లకు పండుగ. కూర్చున్నాను. వీపు మాత్రం వంచలేదు.

"ఇనుపకడ్డీ మింగినవా? ఒంగితెనే కనవడుతది" అంది ఖాలా. వంగాను.

ఆ పని చాలా చిన్నది. ఇంజిన్‌లో గాలి, పొగ పోయే దారులకు రెండు మూతలుంటాయి. అవే వాల్వులు. ఒక్కోదాన్ని కింది నుంచి ఒక రాడ్ నెడుతుంది. రాడ్ మరీ బిగిసి ఉంటే, వేడికి ఇనుము సాగినప్పుడు వాల్వు పూర్తిగా మూసుకోదు. ఆ సందులోంచి ఇంజిన్ బలమంతా పారిపోతుంది. అందుకే చల్లగా ఉన్నప్పుడే సరిచూడాలి. ఖాలా ప్లగ్గు విప్పించి, ఆ రంధ్రం మీద నా బొటనవేలు పెట్టించి, కిక్కును చేత్తో మెల్లగా నొక్కమంది. గాలి వేలిని తన్నింది. "అగో, ఇప్పుడు రెండూ మూసుకున్నయి" అంది. లోపలికి సైకిల్ పుల్ల దించి పిస్టన్ పైకంటా వచ్చిందని చూసుకున్నాం. తర్వాత మూత తీసి, లోపలి రాడ్‌ను రెండు వేళ్ల మధ్య పట్టుకోమంది.

"తిరుగుతున్నదా?"

"లేదు."

"దారం వడి తిప్పినట్టు తిరగాలె. పైకి కిందికి మాత్రం ఊగొద్దు. గంతే. దానికి కొలత నీ యేళ్లే."

రాడ్ అడుగు భాగాన్ని ఖాలా తన పానాతో కదలకుండా పట్టింది. నేను మధ్య నట్టు వదిలి, పై మరను తిప్పాను. రాడ్ తిరిగింది. సంబరంగా నట్టు బిగించాను. మళ్లీ పట్టేసింది. విప్పాను, బిగించాను, పట్టేసింది. "గడి తలుపు గొళ్లెం అనుకున్నవా గంత గట్టిగ?" అంటూ ఖాలా దెప్పింది. బిందెలవాళ్లు నవ్వారు. చెవులు కాలిపోతున్నాయి. లేచి పోవచ్చు. లేస్తే పోయేది బహరైన్‌కే. పళ్లు బిగించి ఈసారి కళ్లు మూసుకున్నాను. నట్టు బిగుస్తున్నప్పుడు వేళ్లకు తెలిసింది. నట్టుతో పాటు మర కూడా రవ్వంత తిరుగుతోంది. అయితే ముందే ఆ రవ్వంత వదులు ఉంచాలన్న మాట. ఉంచాను. బిగించాను. రాడ్ వేళ్ల మధ్య పట్టుదారంలా తిరిగింది. రెండో రాడ్‌నూ అలాగే సరిచేశాను.

ఖాలా తన వేళ్లతో తిప్పి చూసింది. తన పానాను నూనెగుడ్డతో తుడిచింది. "గా రవ్వంత సంగతి నేను కావాల్నని చెప్పలే" అంది చివరికి. "చెప్తె చెవుల ఉంటది. గిప్పుడు నీ యేలుల ఉన్నది. మా ఆయనకు ఏడాది వట్టింది. ఆయనకు చెప్పకు, మస్కట్‌ల అన్నం తినడు."

సోమవారం సిరిసిల్లలో ఆఫీసరు ఎక్కాడు. భారీ మనిషి. వెనక చక్రం కిందికి దిగింది. సగం సాంచెలు ఆగిపోయిన వీధుల్లోంచి, మిగిలిన సగం టకటకలు వింటూ బయటపడ్డాం. వీర్నపల్లి దారిలో గుట్టల మధ్య ఎండ పొయ్యిలా ఉంది. బండి ఆగకుండా ఎక్కింది. ఎక్కాక ఒక చెట్టు నీడన ఆయన భుజం తట్టి, "ఆపు, నీళ్లు తాగుదాం" అన్నాడు.

ఆపాను. ఇంజిన్ మీద చెయ్యి పెట్టలేనంత వేడి. ఆయన నీళ్లు తాగి, మొహం కడుక్కొని, తీరిగ్గా వచ్చి కూర్చున్నాడు. నిటారుగా నిలబడి కిక్కు మీద కాలు వేశాను. కాలు జారలేదు. లోపలి నుంచి ఇంజిన్ ఎదురుతన్నింది. అది దాని బలం. మనసులో ఖాలాను తలచుకొని కొట్టాను. ఒక్క కిక్కుకు లేచింది. గుట్టలు మారుమోగాయి. ఆ మోతలో సన్నగా, లెక్క తప్పకుండా, టక టక టక.

"టాపెట్ సప్పుడొస్తుంది గదా, మెకానిక్‌కు చూపియ్యలేదా?" అన్నాడు ఆఫీసరు.

"నేనే చూసిన సార్. అది ఉండాల్సిన సప్పుడే" అన్నాను. మా ఇంట్లో ఎవరూ అంత గర్వంగా ఆ మాట అని ఉండరు.

సాయంత్రం కోరుట్లలో మా వీధి మలుపు తిరిగేసరికి ఖాలా గుమ్మంలో నిలబడి ఉంది. "ఉద్యోగం అచ్చింది గదా! చెప్పకు. రెండు సందులవతల్నుంచే విన్న" అంది. పానాలు తిరిగి ఇవ్వబోతే తీసుకోలేదు. "ఉంచుకో. ఒక్కటే షరతు. ఎవరు నేర్పిండ్రని అడిగితె నా పేరు చెప్పాలె. దాచినవంటె వాపస్ తీసుకుంట." మరునాడు ఏజెంటు దగ్గరికి వెళ్లి పాస్‌పోర్టు తెచ్చుకున్నాను.

తర్వాత ఆదివారాలు మారిపోయాయి. మస్కట్, దుబాయి పోయినవాళ్ల ఆడవాళ్లు పాత చీరలు తీసి బండ్లు తోసుకొచ్చేవారు. ఆరుబయట మట్టిలో వాళ్లే కూర్చునేవారు, వాళ్లే తిప్పేవారు. ఎదురుగా కూర్చుని మూడో పానా పట్టేది నేను. ఖాలా మిషన్ తొక్కుతూ చెవితోనే పరీక్ష పెట్టేది. ఒక్కో బండి లేస్తుంటే ఆ వీధికి మళ్లీ మాట వచ్చినట్లు ఉండేది. మస్కట్ నుంచి ఆమె భర్త తిరిగి వచ్చేసరికి ఆయన షెడ్డు తెరిచే ఉంది, ఖాలా పేరు రాసిన బోర్డుతో.

ఖాలా చనిపోయి కొన్నేళ్లయింది. ఈ ఆదివారం మా ఇంటి ముందు మట్టిలో నేను కూర్చున్నాను. ఎదురుగా నా భార్య మూడో పానా పట్టుకుంది. రాడ్ నా వేళ్ల మధ్య ఉంది.

"తిరుగుతున్నదా?" అంది ఆమె.

"తిరుగుతున్నది."

మూత పెట్టి, ఒక్క కిక్కు కొట్టాను. టకటకమంటూ లేచింది. దారిన పోయే పెద్దమనిషి ఆగి, "ఎవరు నేర్పిండ్రయ్యా నీకు ఈ పని?" అని అడిగాడు. నిలబడి, వీపు నిటారుగా చేసుకొని, ఖాలా పేరు చెప్పాను.