అనుమానాలక్క కుడిచేయి

పడవల షెడ్డులో ఆమెను అందరూ అనుమానాలక్క అంటారు. టీ ఇచ్చినా ముందు వాసన చూస్తుంది. పాత రంగు ఊడదీసే ముద్ద కొత్త డబ్బా వస్తే, దాన్ని విరిగిన ఫైబర్ ముక్క మీద రాసి, పావుగంట ఆగి, గీకి చూస్తే గానీ పడవ దగ్గరికి రానివ్వదు. చెక్క పడవకు వాడే ముద్ద ఫైబర్ పడవను తినేస్తుంది. అందుకే ఆ అనుమానాన్ని మేస్త్రి ఎప్పుడూ కాదనలేదు.

ఇరవై రెండేళ్లుగా అదే పని. ముద్ద రాయడం, ప్లాస్టిక్ కాగితం కప్పడం, రంగు ముడతలు పడ్డాక రేకుతో గీకి నెట్టడం. రంగు కింద నున్నటి పైపొర ఒకటుంటుంది. గోరంత మందం. దానికి గీత పడితే నీళ్లు లోపలికి దిగుతాయి. అందుకని రేకు మూలలు గుండ్రంగా అరగదీసుకుంటుంది. ఎడమ చేతికి గ్లౌజు వేస్తుంది, కుడి చేతికి వేయదు.

"గ్లౌజు వేస్తే చెయ్యి గుడ్డిదవుతుంది" అంటుంది.

ఈసారి వచ్చిన పడవకు కుడి పక్క ఆమె పట్టింది. ఎడమ పక్క ఆమె తోడికోడలు. మూడో రోజు పొద్దున మేస్త్రి కుడి పక్క ముందు నిలబడ్డాడు.

"ఇవేంటమ్మా, ఈ గీతలు?"

"నిన్న నిమిరి చూసే వెళ్లాను. అద్దంలా ఉంది."

"అయితే పిల్లి గీకిందా?"

"పిల్లికి రేకు ఎక్కడిది? నా వెనకాల ఎవరో చెయ్యి పెట్టారు."

ఆమె చూపు ఎటు పోయిందో తోడికోడలికి తెలిసింది.

"నా పక్కే తెమలక ఛస్తున్నాను. నీ పక్కకెందుకొస్తానక్కా?"

"ఏదీ, నీ రేకు చూపించు."

చూపించింది. మూలలు గుండ్రంగానే ఉన్నాయి.

"రాత్రికి రాత్రి అరగదీసుంటావు."

"ఇంట్లో కూరలో ఉప్పెక్కువైనా నేనే, ఇక్కడ గీత పడినా నేనే. రేపు వాన పడకపోయినా నా మీదే వేద్దువుగాని!"

మేస్త్రి నవ్వలేదు. అనుమానాలక్క మాట ఇన్నేళ్లలో తప్పింది లేదు. తోడికోడలు చేరి ఎనిమిది నెలలే. భర్త నడుము పట్టేసి మంచం మీదున్నాడు. వాళ్లిద్దరికీ ఆమె సంపాదనే ఆధారం.

"ఇంకొక్క గీత కనపడితే రేపట్నుంచి రానక్కర్లేదు" అని తోడికోడలి వైపు చూసి వెళ్లిపోయాడు.

ఆ రోజంతా అనుమానాలక్క తన పక్క నుంచి కదలలేదు. అన్నం కూడా అక్కడే తింది. సాయంత్రం తోడికోడల్ని ముందు పంపేసి, బొగ్గు నూరి, ఆ రోజు గీకినంత మేరా పులిమి తుడిచింది. గీత ఉంటే అందులో నలుపు నిలుస్తుంది. ఇప్పుడు తెల్లగా ఉండి పొద్దునకు గీతలుంటే దొంగ దొరికినట్టే.

తుడిచిన చోట నల్లటి గీతలు తేలాయి.

ఒకటి కాదు, చాలా. అన్నీ ఒకే వాలు. ఆమె రేకు నెట్టే వాలు.

కుడి చేతి వేళ్లతో నిమిరింది. నున్నగా ఉంది. ఎడమ చేతి గ్లౌజు తీసి నిమిరింది. వేళ్లకు గరుకు తగిలింది. మళ్లీ కుడి చెయ్యి. నున్నగానే ఉంది.

నేరుగా మేస్త్రి గదికి వెళ్లింది.

"గీతలు నావే."

మేస్త్రి కాగితాల మీంచి తలెత్తి ఆమెను ఎగాదిగా చూశాడు.

"ఇదేం కొత్త నాటకం? పొద్దున తోడికోడలన్నావు. వెళ్తూ వెళ్తూ ఏడ్చిందా? వెనకేసుకొస్తున్నావా?"

"నీకూ అంటుకుందా నా జబ్బు!" అంది. కుడి చెయ్యి బల్ల మీద పెట్టింది. వేళ్ల చివర్లు ముద్ద తినేసినట్టు తెల్లగా, ముద్ర గీతలైనా లేకుండా ఉన్నాయి. "కాగితాలకు పెట్టే గుండుసూది ఉందిగా. గుచ్చి చూడు."

మొహం గోడ వైపు తిప్పుకుంది. వెనక గుండుసూదుల డబ్బా చప్పుడైంది.

"గుచ్చవేం? భయమా?" అంది.

మేస్త్రి అప్పటికే గుచ్చి, సూది వెనక్కి తీసి, ఆమె వేలి మీది నెత్తురు చుక్కను చూస్తున్నాడు.