సోలార్ ప్లేట్ల కింద ఐదు ఆటోలు

ఉదయం ఏడు ఇరవైకి మా బండి ఆసుపత్రి గేటు ముందు ఆగింది. తుఫాను తీరం దాటి పది గంటలైంది. గాలి లేదు. ఆకాశంలో ఒక్క మబ్బు లేదు. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది.

కంచరపాలెంలో రైలు పట్టాల అవతల ఉన్న చిన్న తల్లీబిడ్డల ఆసుపత్రి అది. ఒకటే అంతస్తు. నేను సైన్యంలో షార్ట్ సర్వీసులో చేరి రెండో ఏడు. ఇంజనీర్స్‌లో లెఫ్టినెంట్‌ని. నా కింద ఆరుగురు: హవల్దారు, రేడియో ఆపరేటరు, డ్రైవరు, ముగ్గురు జవాన్లు. సామాను: రెండు రంపపు మిషన్లు, నాలుగు గొడ్డళ్లు, తాళ్లు, పనిముట్ల పెట్టె, ఒక వైర్‌లెస్ సెట్టు, రెండు రోజుల తిండి. ఆర్డరు రెండు ముక్కలు. దారి తెరవండి. కరెంటు సంగతి చూసి చెప్పండి.

ఐదూ యాభైకి కూర్మన్నపాలెం జంక్షన్ దాటాం. అక్కడ కుడివైపు రెండో సందులో మా ఇల్లు. నాన్న స్టీలు ప్లాంటు ఉద్యోగి. నిన్నటి నుంచి ఫోను కలవలేదు. బండి ఆపమని డ్రైవరుకు చెప్పలేదు. సందు చివర ఒక కరెంటు స్తంభం ఇంటి గోడ మీదకి ఒరిగి కనిపించింది. మా గోడో పక్కవాళ్ల గోడో పోల్చుకునేలోపు దాటిపోయాం. అక్కడి నుంచి ఆసుపత్రి దాకా పదకొండు చెట్లు కోశాం.

ఆసుపత్రి ఆవరణలో చెట్టన్నది మిగల్లేదు. మిగిలింది ముందున్న పార్కింగ్ షెడ్డు ఒక్కటే. ఎత్తైన ఇనుప స్తంభాలు, వాటి మీద రేకులకు బదులు సోలార్ ప్లేట్లు. లెక్కపెట్టాను. అరవై. ఒక్కటి కూడా పగల్లేదు. స్తంభానికి బిగించిన బోర్డు మీద పెద్ద అక్షరాలు: ఇరవై నాలుగు గంటల సౌర వెలుగు, బ్యాటరీ నిల్వతో.

రేడియోలో కాలమ్ కమాండర్, అంటే తుఫాను పనికి వచ్చిన మా దళం మొత్తానికి అధికారి, అడిగారు.

“అక్కడ సోలార్ ఉందని మా కాగితాల్లో ఉంది. జనరేటర్ కావాలా?”

బోర్డు చూశాను. ప్లేట్లు చూశాను. ఎండ చూశాను.

“అక్కర్లేదు సార్. వేరేచోటికి పంపండి.”

నేను ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివాను. ఆ జవాబుకి ముందు నాలుగడుగులు వేసి మెయిన్ బోర్డు చూసి ఉండాలి. చూడలేదు. ఇవాళ్టికీ ఆ మాట నా నోటి నుంచి వచ్చిన గొంతు నాకు వినపడుతుంది.

లోపల వార్డు కిటికీలు ఎగిరిపోయాయి. నేల మీద చీలమండల దాకా నీళ్లు. డాక్టరమ్మ ముగ్గురు పసిబిడ్డల్ని ముందున్న పొడి గదిలోకి మార్చింది. ఇద్దర్ని తల్లులు గుండెల మీద వేసుకుని కూర్చున్నారు. మూడో పాప నెలలు నిండకుండా పుట్టింది. ముక్కు దగ్గర సన్నటి గొట్టం. పక్కన ఆక్సిజన్ సిలిండరు.

“గాలి నుంచి ఆక్సిజన్ తీసే మిషను ఉంది, కరెంటే లేదు,” అంది డాక్టరమ్మ. “ఇదే ఆఖరి సిలిండరు. పదిన్నర దాకా వస్తుంది. మీరు కరెంటిస్తారా?”

“ఇస్తాను,” అన్నాను.

మెయిన్ బోర్డు దగ్గరికి వెళ్లాక అర్థమైంది. ఆ సోలార్ ఇన్వర్టరు వీధి కరెంటుకి జోడించిన రకం. వీధిలో కరెంటు పోతే తనూ ఆగిపోతుంది. బయట తీగల మీద పనిచేసే లైన్‌మన్ చచ్చిపోకుండా పెట్టిన నియమం అది, మంచి నియమమే. అలాంటి ఇన్వర్టరు పెట్టినప్పుడు కరెంటు పోయిన గంటల కోసం బ్యాటరీలు, వాటికి తగ్గ వేరే ఇన్వర్టరు పెట్టాలి. పక్కనే తలుపు మీద ‘బ్యాటరీ గది’ అని రాసి ఉంది. తాళం. తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. హవల్దారు గొడ్డలితో రెండు దెబ్బలు వేశాడు.

లోపల రంగు వేసిన ఇనుప అరలు. అరల మీద ఒకటి నుంచి ఇరవై నాలుగు దాకా నంబర్లు. బ్యాటరీ ఒక్కటి లేదు. మూల చీపుర్లు, ప్లాస్టిక్ కుర్చీలు, ప్రారంభోత్సవం నాటి ఫ్లెక్సీ చుట్ట.

“బ్యాటరీలు రెండో దశలో వస్తాయన్నారు,” అంది డాక్టరమ్మ. “దండలు మాత్రం మొదటి దశలోనే వేసుకున్నారు.”

ఎనిమిదీ ఐదు. సెట్టు అందుకున్నాను. జనరేటర్ వెనక్కి పంపమన్నాను. గరగరల మధ్య కమాండర్ జవాబు వచ్చింది.

“అది భీమిలి వైపు వెళ్లిపోయింది. మధ్యలో రోడ్డు తెగింది. సాయంత్రం ఐదుకి ముందు రాదు.”

ఆపరేటరు శ్రీకాకుళం కుర్రాడు. హెడ్‌ఫోన్ తీసి నా మొహంలోకి చూశాడు.

“ఏటి మేడమ్ ఇది? ఎండ సుర్రుమంతంది. ప్లేట్లు తళతళ మెరిసిపోతన్నాయి. బల్బు ఎలగదేటి?”

ప్లేట్ల తీగలు నేరుగా లాగలేమా అని హవల్దారు అడిగాడు. లాగలేం. ఆ వరసలో ఆరు వందల వోల్టులు. మధ్యలో దాన్ని దించే పెట్టె లేదు. తాకినవాడు మిగలడు.

ఇక ఉన్నది కంప్యూటర్ల కోసం కొన్న పాత ఇన్వర్టరు. గోడకి ఎత్తుగా బిగించి ఉంది కాబట్టి బాగానే ఉంది. దాని నాలుగు బ్యాటరీలు మాత్రం నేల మీద, రాత్రంతా నీళ్లలో నాని చచ్చాయి. వాటిని బయటికి మోసి షెడ్డు పక్కన ఎండలో పెట్టాం. ఎండబెడితే పనికొస్తాయని కాదు. ఏదో ఒకటి చేస్తూ ఉండాలి కాబట్టి.

అప్పుడు వచ్చాడు సింహాచలం. కంచరపాలెం బ్యాటరీ ఆటోల స్టాండుకి పెద్ద. దారిలో చెట్లు అడ్డం పడి ఉండటంతో ఆటోని స్టాండులోనే వదిలి, నర్సుని ఇంటి నుంచి నడిపించుకుని తీసుకొచ్చాడు. బీడీ చెవి మీద పెట్టుకుని చచ్చిన బ్యాటరీల చుట్టూ ఒకసారి తిరిగాడు.

“నాలుగేనేటి మేడమ్?”

“నాలుగే.”

“మా బండి సీటు కింద కూడా నాలుగే.”

ఇన్వర్టరు మీద అంకె మళ్లీ చూశాను. నలభై ఎనిమిది వోల్టులు. ఆటోదీ నలభై ఎనిమిదే. నా చదువుకి తట్టని సంగతి అతని సీటు కింద ఉంది.

“ఒక్క బండి చాలదు,” అన్నాను. “సాయంత్రం దాకా నడవాలి.”

“ఒక్కటేటి? తుఫానొత్తందని మావోళ్లందరూ ముందు రోజే ఛార్జింగు ఫుల్లు పెట్టీసినారు. సీరియల్ ఏసేద్దాం.”

సీరియల్ అంటే స్టాండులో వాళ్ల వరస. ముందొచ్చిన బండి ముందు కదులుతుంది. ఎవరూ దాటరు. మీటరు రెండు గీతలకి పడితే వరసలోంచి తప్పుకుని వెనకవాడికి చోటివ్వాలి. అంతకు దిగితే బ్యాటరీ పాడవుతుందని వాళ్లకి తెలుసు. ఇంకొకటి కూడా తెలుసు. ఊళ్లో కరెంటు ఎన్ని రోజులకి వస్తుందో తెలియదు. ఇవాళ ఇక్కడ ఖర్చయిన ఛార్జి, కరెంటు వచ్చి మళ్లీ ఎక్కేదాకా బండి కదలదు.

మా జవాన్లు స్టాండు దాకా దారి కోశారు. తొమ్మిదీ నలభైకి మొదటి ఆటో, సింహాచలానిది, షెడ్డు కిందికి వచ్చింది. గోడ అవతలే ఇన్వర్టరు. సీటు ఎత్తి, కిటికీలోంచి తీగలు లాగి, క్లిప్పులు తగిలించాను. ఇన్వర్టరు కూసింది. గదిలో మిషను గురగురమంది. నర్సు కిటికీలోంచి చెయ్యి ఊపింది.

సిలిండరు కట్టేశారు. అడుగున మిగిలినది బండి మార్చే నిమిషాలకి మాత్రమే వాడాలని డాక్టరమ్మ నియమం పెట్టింది.

పదకొండూ ఇరవైకి రెండో ఆటో. ఒంటిగంటకి మూడోది. మూడో డ్రైవరు మీటరు రెండు గీతలకి వచ్చినా తీయనివ్వలేదు.

“ఇంకో పావుగంట ఉండనీ బావా.”

సింహాచలం కసిరాడు. “రూలంటే రూలే. నీ బేటరీ సచ్చిపోతే రేపు నన్నెక్కించుకుని తిప్పుతావేటి?”

“నిన్నెక్కిత్తే బండే సచ్చిపోద్ది బావా.”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ రోజుకి అదొక్కసారే.

మూడింటికి నాలుగోది. అది పాత బండి, గంటలో దిగిపోయింది. నాలుగూ పదికి ఐదో ఆటో. దాని తర్వాత బండి లేదు. ఎర్ర క్లిప్పు స్ప్రింగు అప్పటికే వేడికి వదులైంది. తగిలిస్తే నిప్పురవ్వ చిమ్మి జారిపోతోంది. ఇంకో క్లిప్పు లేదు. తీగతో కట్టబోయాను. తీగ నిలవలేదు. లోపల సిలిండరు ముల్లు సున్నా మీద ఉంది.

షెడ్డు స్తంభానికి ఆనుకుని పొద్దున్నుంచీ ఒకాయన కూర్చుని ఉన్నాడు. పాప తండ్రి. విజయనగరం వైపు రైతుబిడ్డ, ఇప్పుడు పోర్టులో బస్తాలు మోస్తాడు. లేచి వచ్చాడు. భుజం మీది తువ్వాలు నాలుగు మడతలు పెట్టి క్లిప్పు మీద వేసి రెండు చేతులతో నొక్కాడు. మిషను మళ్లీ మొదలైంది.

“షాకేం కొట్టదు, కానీ వేడెక్కుతుంది,” అన్నాను. “మా జవాను పట్టుకుంటాడు.”

“వొద్దమ్మా. నాను పట్టుకుంతాను. నా గుంటే కదేటి.”

ఐదయింది. జనరేటర్ రాలేదు. ఐదుంపావు. మీటరు రెండు గీతలకి పడింది. సింహాచలం అటు చూసి మొహం తిప్పుకున్నాడు. రూలు సంగతి ఎత్తలేదు. ఐదూ ముప్పై ఐదుకి, ఒక్క గీత మీద ఉండగా, జనరేటర్ బండి గేటులోకి వచ్చింది. అప్పుడు పాప తండ్రి చేతులు తీశాడు. తువ్వాలు మాడింది. కుడి అరచేయి బొబ్బలెక్కింది. పాప ఊపిరి తీస్తోంది.

తొమ్మిదో రోజు కాలమ్ వెనక్కి వెళ్లింది. పాపని జనరేటర్ వచ్చిన మర్నాడే పెద్దాసుపత్రికి మార్చారు. ఆ తర్వాతి సంగతి నాకు తెలియదు. మా నాన్న, అమ్మ బాగానే ఉన్నారు. స్తంభం ఒరిగింది పక్కవాళ్ల గోడ మీదకి. రిపోర్టులో ఖాళీ అరల గురించి రాశాను. జనరేటర్ వద్దన్నది నేనేనని కూడా రాశాను. చాలా రోజులకి జవాబు నకలు వచ్చింది. బ్యాటరీల ఏర్పాటు రెండో దశలో పరిశీలిస్తారట.

ఇప్పుడు నేను యూనిఫాం వదిలేసి ఊరికి వచ్చేశాను. నా కూతురికి నాలుగేళ్లు. మద్దిలపాలెంలో దాని బడి మీద కొత్తగా ప్లేట్లు పెట్టారు. పండగలా చేశారు. మెట్ల దగ్గర మేనేజరుని అడిగాను, వీధి కరెంటు పోతే ఏమవుతుందని. ఆయన నవ్వాడు.

“సోలార్ కదా మేడమ్, మనకి కరెంటు పోవడమేంటి?”

బ్యాటరీలు చూపించమన్నాను. బ్రోచర్ చూపించాడు.

నాకు సోలార్ మీద కోపం లేదు. నిల్వ చేసే కొత్త బ్యాటరీలు వచ్చాయి. వీధి కరెంటు పోయినా నడిచే ఇన్వర్టర్లు వచ్చాయి. ఇంటికి కరెంటిచ్చే కార్లు వస్తున్నాయని పేపర్లలో బొమ్మలేసి రాస్తున్నారు. కంచరపాలెం స్టాండు వాళ్లు ఆ పని పాత ఆటోలతో ఎప్పుడో చేసేశారు. వాళ్ల బొమ్మ ఎవరూ వేయలేదు. సగం పని చేసి పూర్తి బోర్డు తగిలించినవాళ్ల మీద నా కోపం. ఆ బోర్డు నమ్మి జనరేటర్ అక్కర్లేదన్న నా మీద కూడా. మీ పిల్లలున్న చోట ప్లేట్లుంటే వెళ్లి అడగండి. తలుపు తెరిపించండి. అరల మీద ఏముందో కళ్లతో చూడండి.

నేను కళ్లు మూసుకుంటే ఇప్పటికీ కనిపించేది ఆ షెడ్డే. పైన అరవై ప్లేట్లు, వాటి మీద రోజంతా ఎండ. కింద వాటి నీడలో, సీటు ఊడదీసిన ఆటో ముందు గొంతుకూర్చుని, పొగలొస్తున్న తువ్వాలు రెండు చేతులతో నొక్కిపట్టిన మనిషి. ఆయన చూపు కిటికీ మీదే ఉంది. ఒక్కసారి కూడా తలెత్తి పైకి చూడలేదు.