దాటేసిన రెండు వాక్యాలు

పదకొండేళ్లుగా ఒక కాగితాన్ని దాచిపెట్టుకుని బతుకుతున్నాను. నాలుగే పేజీలు. బీరువాలో చొక్కాల కింద ఉంటుంది. చొక్కా తీసుకున్న ప్రతిసారీ వేళ్లకు తగులుతుంది. చొక్కాలు ఇంకో అరలోకి మార్చవచ్చు కదా అని మీరు అడగవచ్చు. నన్ను నేనూ అడిగాను. మార్చలేదు.

ఇదంతా ఇప్పుడు ఎందుకు రాసిపెట్టాలో ముందు చెప్పాలి. పోయిన ఆదివారం మా ఎదురింటి శిరీష వచ్చింది. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. వాళ్ల అమ్మ నాగమ్మ, నాయన ఈరన్న. ఈరన్నకు కుడిచేయి లేదు. వికలాంగుల పింఛనుకు దరఖాస్తు పెడుతున్నారు, పాత కేసు కాగితాలు కావాలన్నారట. "పెద్దనాయనా, నాయన కాగితాలు నీ కాడ బద్రంగా ఉండాయని అమ్మ సెప్పింది" అంది. వెతికి ఇస్తానమ్మా అన్నాను. వెతకడానికి ఏముంది? కళ్లు మూసుకుని తీయగలను. కానీ ఆ అమ్మాయికి ఇంగ్లీషు వచ్చు. ఆ నాలుగు పేజీలూ తనే చదువుకుంటుంది. అందులో ఏముందో నా నోటితో చెప్పడానికి ఇదే చివరి అవకాశం. ఆమె అడక్కపోతే రాసేవాణ్ణా? తెలియదు. రాసేవాణ్ణి కాదనే అనుకుంటున్నాను. అదీ ఇక్కడ రాయాల్సిందే.

నేను పదో తరగతి తప్పినవాణ్ణి. చదువు బడిలో రాలేదు, ఎమ్మిగనూరు లైబ్రరీలో వచ్చింది. పుస్తకం పట్టుకుంటే అట్ట నుంచి అట్ట దాకా చదివేవాణ్ణి; ముందుమాట, చివర్లో కృతజ్ఞతలు, తప్పొప్పుల పట్టిక, ఏదీ వదిలేవాణ్ణి కాదు. వదిలితే పుస్తకాన్ని మోసం చేసినట్టు అనిపించేది. డిక్షనరీ పక్కన పెట్టుకుని ఇంగ్లీషు కూడా కూడబలుక్కుంటూ నేర్చుకున్నాను. మా వీధిలో ఎవరికి ఏ కాగితం వచ్చినా నా దగ్గరికే వచ్చేది. బ్యాంకు నోటీసు, ఆసుపత్రి చీటీ, ఆడబిడ్డ మొగుడు రాసిన ఉత్తరం. అరుగు మీద కూర్చుని గట్టిగా చదివి అర్థం చెప్పేవాణ్ణి. నలుగురూ నోరు తెరుచుకుని వింటుంటే నాకెంత గర్వంగా ఉండేదో మీకు దాచకుండా చెబుతున్నాను. నా పతనం ఆ అరుగు మీదే మొదలైంది.

ఉద్యోగం ఆదోనిలో, పత్తి నుంచి గింజలు వేరుచేసే ఒక జిన్నింగు మిల్లులో గేటు గుమాస్తా. రోజూ బస్సులో పోయి వచ్చేవాణ్ణి.

ఈరన్న మొదట ఆదోని మార్కెట్ యార్డులో హమాలీ. ఒకసారి పత్తి కుక్కిన గోనె బోరెం జారి కుడి భుజం మీద పడింది. చేయి పైకెత్తలేక నూనె మిల్లులో చేరాడు. అక్కడ బెల్టులో పడి అదే చేతి చివరి రెండు వేళ్లు నలిగాయి. గాయం మానింది గానీ ఆ వేళ్లకు స్పర్శ పోయింది, ముడవడమూ పోయింది. రెండు చోట్లా పసుపు అద్ది ఇంటికి పంపారు. ఒక్క కాగితం ముక్క లేదు. ఆ తర్వాత సీజను మొదలయ్యే ముందు నన్ను అడిగాడు, మీ మిల్లులో పెట్టించన్నా అని.

మా మిల్లులో ఒక పద్ధతి ఉండేది. సీజను మొదటిరోజు కూలీలు గేటు ముందు వరసగా నిలబడతారు. మేస్త్రీ ఒక్కొక్కరి చేతిలో గుప్పెడు పత్తి పెట్టి పిడికిలి బిగించమంటాడు. బిగించిన పత్తిని తను లాగుతాడు. జారకుండా పట్టినవాడికి పని. నేను పక్కన కూర్చుని రిజిస్టరులో 'రెండు చేతులూ బాగున్నవి' అని రాసి వేలిముద్ర తీసుకుంటాను. ఈరన్న కుడిచేయి ఆ పత్తిని పట్టలేదని నాకు తెలుసు. ఉపాయం చెప్పింది నేనే. సద్ది డబ్బా కుడిచేతికి తగిలించుకో, ఎడమచేయి చాపు, మిగతాది నేను చూసుకుంటాను అన్నాను.

వరసలో అతని వంతు వచ్చింది.

"ఏమప్పా, ఆ డబ్బా కింద పెడితే కుక్క ఎత్తుకపోతాదా?" అన్నాడు మేస్త్రీ.

"కుక్కకు బయపడి గాదు మేస్త్రీ. ఈడ నువ్వుండావు గదా" అన్నాడు ఈరన్న.

వరసంతా నవ్వింది. మేస్త్రీ కూడా నవ్వి ఎడమచేతిలోనే పత్తి పెట్టాడు. నేను తల వంచుకుని 'రెండు చేతులూ బాగున్నవి' అని రాశాను. మంచిపని చేశాననే అనుకున్నాను. ఆ రోజు బస్సులో దారి పొడుగునా అతను నాకు దండం పెడుతూనే ఉన్నాడు.

మిల్లులో శబ్దానికి మేము అలవాటు పడిపోయి ఉంటాం. శబ్దం ఆగితేనే గుండె జారుతుంది. నెలన్నర తర్వాత ఒక మధ్యాహ్నం శబ్దం ఆగింది. గేటు దగ్గర నుంచి పరుగెత్తాను. ఈరన్న యంత్రానికి పత్తి అందిస్తుంటే ఆ రెండు వేళ్లు లోపలికి పోయాయి. స్పర్శ ఉన్నవాడైతే అంచు తగలగానే చేయి లాక్కునేవాడు. అతనికి తెలిసేసరికి మణికట్టు దాకా పోయింది. ఆసుపత్రిలో దాన్ని తీసేశారు.

అప్పుడు నేను అతని పక్షమే. నిజంగానే. లైబ్రరీలో కార్మికుల నష్టపరిహారం చట్టం పుస్తకం తెప్పించుకుని వారంరోజులు నోటుపుస్తకంలోకి ఎక్కించుకున్నాను. పాత దెబ్బ ఉన్నా, కొత్త పని దాన్ని చెడగొడితే కొత్త యజమానిదే బాధ్యత అన్న మాట కనబడితే ఎగిరి గంతేశాను. కర్నూలు లేబర్ ఆఫీసులో ముగ్గురి మీదా కేసు పడింది. యార్డు వ్యాపారి, హమాలీ ఎవరికీ నౌకరు కాదన్నాడు. నూనె మిల్లు, అతను మేస్త్రీ తెచ్చిన కూలీ, మా నౌకరు కాదు, పైగా భుజం చెడగొట్టుకునే మా దగ్గరికి వచ్చాడంది. మా మిల్లు, వేళ్లు నూనె మిల్లులోనే చచ్చాయి, ఆ సంగతి మా దగ్గర దాచాడంది. ఒక్క చేతికి ముగ్గురు యజమానులు. అది తెగిపడ్డాక ముగ్గురూ నాది కాదన్నవాళ్లే.

మా మేనేజరు నన్ను పిలిచి రిజిస్టరు తెరిచి నా రాత మీద వేలు పెట్టాడు. అతను దాచాడని చెబితే ఇది పొరపాటు, తెలిసి రాశానంటే ఇది మోసం, ఏదో నువ్వే తేల్చుకో అన్నాడు. గొంతు పెంచలేదు. టీ కూడా తెప్పించాడు. నాకు ఇద్దరు పిల్లలు, బాడుగ ఇల్లు. ఇవి కారణాలే. కానీ ఇంకొకటి ఉంది. ఇంత చదివినవాడు గేటు దగ్గర దొంగరాత రాశాడని పదిమందీ అనుకోవడం నేను భరించలేకపోయాను. ఏది ఎక్కువ పనిచేసింది, పిల్లలా, పరువా? ఇన్నేళ్లుగా తూస్తున్నాను. ముల్లు ప్రతిసారీ పరువు వైపే ఒరుగుతోంది.

విచారణలో అడిగారు. పాత దెబ్బ సంగతి నీకు చెప్పాడా? "చెప్పలేదు సార్" అన్నాను. ఆఫీసరు ఈరన్న వైపు తిరిగి, నువ్వు చెప్పావా అని అడిగాడు. ఈరన్న నా వైపు చూశాడు.

"లేదు సార్. సెప్పల్య."

కర్నూలు బస్టాండులో ఇద్దరమూ ఒకే బెంచీ మీద కూర్చున్నాం. ఎమ్మిగనూరు బస్సు రాలేదు. నేనే అడిగాను, ఎందుకట్లా అన్నావని.

"ఇంగేమనాల? నా పని యట్లాగూ పాయ. సెప్పింటే నీ పని గూడా పోతుండె. ఇద్దురమూ ఇంట్లో కూసుంటే ఎవురికి లాబమన్నా?"

"కేసు పోతుంది ఈరన్నా."

"పోతే పోనీలే. పెద్ద ఆపీసరు ఉండాడు గదా, ఆయనకేం కండ్లు లేవా? సెయ్యి లేదని కనపడదా?" అని, "నాగమ్మకు మాత్రం సెప్పొద్దు. అది నిన్ను శానా నమ్మింది" అన్నాడు.

ఇక్కడితో ఆగిపోతే ఇది అబద్ధపు సాక్ష్యం చెప్పినవాడి కథ. ఆ తప్పు ఈరన్నకు తెలుసు, దాన్ని అతను మోశాడు కూడా. నేను దాచింది ఇది కాదు.

కొన్ని నెలలకు తీర్పు నకలు పోస్టులో వచ్చింది. ఇంగ్లీషులో ఉంది. నాగమ్మ దాన్ని కొంగులో పెట్టుకుని మా అరుగు దగ్గరికి తెచ్చింది. ఈరన్న వెనకే వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. వీధివాళ్లు నలుగురు చేరారు. నేను ఒక్కొక్క వాక్యమే చదివి తెలుగులో చెప్పసాగాను. ఏ దెబ్బ ఎక్కడ తగిలిందో తేలలేదు గనుక కేసు కొట్టేశారని చెప్పాను. మూడో పేజీలో ఒక వాక్యం ఉంది: మిల్లు గుమాస్తా సాక్ష్యాన్ని బట్టి అర్జీదారు పాత గాయాన్ని దాచాడని నమ్ముతున్నాం అని. దాన్ని దాటేశాను. గొంతు తడబడలేదు. నాలుగో పేజీ అడుగున ఇంకొక వాక్యం: అరవై రోజుల్లోగా హైకోర్టుకు అప్పీలు చేసుకోవచ్చు అని. దాన్నీ దాటేశాను.

"ఇంతేనా అన్నా? ఇంగేం రాయల్యా?" అంది నాగమ్మ.

"ఇంతేనమ్మా."

ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, ఈ కాగితం నువ్వే పెట్టుకోన్నా, మా ఇంట్లో ఎలుకలు కొడతాయి అంది.

అప్పీలంటే ప్లీడరు తీర్పంతా మళ్లీ చదువుతాడు, మూడో పేజీ నాగమ్మ చెవిన పడుతుంది. పాత దెబ్బ గురించి నేను లైబ్రరీలో రాసుకున్న మాట ఆ అప్పీలుకు పనికివచ్చేదేమో. గెలిచేవారో లేదో చెప్పలేను. గెలవడానికి ఉన్న ఒక్క తలుపునూ మూసింది మాత్రం నేనే. అది తెలిసినవాణ్ణి ఆ వీధిలో నేనొక్కణ్ణే. ఆ అరవై రోజులూ బస్సులో లెక్కపెట్టుకుంటూ పోయి వచ్చాను. రోజూ ఇవాళ చెబుదామనుకునేవాణ్ణి. అరవై ఒకటో రోజు బస్సులో నాకు హాయిగా నిద్ర పట్టింది. నా గురించి ఇంతకంటే నీచమైన మాట నేను రాయలేను.

ఇల్లు మారలేదు. వాళ్లూ మారలేదు. మా తలుపు తీస్తే వాళ్ల తలుపే. ఈరన్న ఒక బట్టల అంగడి ముందు కాపలా ఉంటాడు. పొద్దున పోయేముందు తాళం కప్పను మోకాళ్ల మధ్య ఇరికించుకుని ఎడమచేత్తో చెవి తిప్పుతాడు. పదకొండేళ్లుగా అది చూస్తున్నాను. నాగమ్మ బొరుగుల ఉగ్గాని చేసిన రోజు మాకో గిన్నె పంపుతుంది. మా కోసం లైబ్రరీ అంతా తిరగేసినాడు పాపం అని ఇప్పటికీ నలుగురిలో చెబుతుంది. ఆ గిన్నె వద్దనలేను. తినలేను. తింటాను.

పుస్తకాల చివర సాయం చేసినవాళ్ల పేర్లు రాస్తారు. నేనూ రాస్తాను. అడిగిన ప్రతి పుస్తకమూ వెతికి ఇచ్చిన లైబ్రేరియన్ రహమతుల్లా సారుకు కృతజ్ఞతలు. ఆయన ఇచ్చిన చదువును నేను ఇందుకు వాడాను. బీరువా సర్దినప్పుడల్లా ఆ కాగితాన్ని చూసి ఒక్కనాడూ అడగని నా భార్య పద్మకు. అడగవలసిన వేళకు అడిగిన శిరీషకు. నమ్మినందుకు నాగమ్మకు. నా ఉద్యోగం కాపాడిన ఈరన్నకు. ఆ ఉద్యోగం నుంచే పోయిన ఏడాది రిటైరై, దండ వేయించుకుని దిగాను.

వీళ్లలో ఎవరూ నన్ను క్షమించాలని రాయడం లేదు. రేపు ఈ కాగితాలు ఆ నాలుగు పేజీల పైన పెట్టి, దారం కట్టి, శిరీష చేతికి ఇస్తాను. ఇంట్లో గట్టిగా చదవమ్మా అని చెబుతాను. రాసిందంతా మళ్లీ మొదటి నుంచి చదువుకున్నాను. ఈసారి ఏ వాక్యమూ దాటేయలేదు.