భాస్కరం గారి చెవి, ఆయన డీజిలు కారు

ఎఫెక్ట్స్ భాస్కరం గారు పరమపదించారన్న వార్త వచ్చేసరికి నేను స్టూడియోలో ఒక హీరో గారి కోసం బరువైన బూట్లు తొడుక్కుని ఇసుక తొట్టెలో నడుస్తున్నాను. తెర మీద ఆయన శత్రువు ఇంటి మీదికి పోతున్నాడు. ముఖం ఆయనది, అడుగుల చప్పుడు నాది. వార్త విని నేను నిలబడిపోయాను. హీరో మాత్రం ఆగలేదు, చప్పుడు లేకుండా నడుచుకుంటూ పోయాడు. గురువుగారు లేని లోకం నాకు మొదట కనిపించింది ఆ రూపంలోనే.

సినిమాలో మీరు వినే అడుగులు, గాజుల గలగలలు, చెంపదెబ్బలు షూటింగులో పుట్టినవి కావు. తరువాత ఒక గదిలో కూర్చుని మాలాంటి వాళ్ళం పుట్టిస్తాం. ఆ విద్యలో భాస్కరం గారు నిరుపమానులు. కొబ్బరి పీచు చీల్చి విలను ఎముకలు విరిచారు, భార్య పట్టుచీర దులిపి గరుత్మంతుణ్ణి ఎగిరించారు. ఆయన పోయాక పత్రికల వాళ్ళు ‘శబ్దబ్రహ్మ అస్తమయం’ అని రాశారు. ఆయనే చదివి ఉంటే, “అస్తమయానికి ఏం చప్పుడు పెడతావు అమ్మాయ్?” అని నన్ను అడిగేవారు.

పోవడానికి వారం ముందు ఫిల్మ్ నగర్‌లోని వాళ్ళింటికి వెళితే, వరండాలో పడక్కుర్చీలో ఉన్నారు. “ఈ ఏడు మన కారు ఫిల్టరు నువ్వు మార్చాలమ్మాయ్. నేను ఇక్కడే కూర్చుని వింటా,” అన్నారు. ఆదివారం అనుకున్నాం. ఆదివారానికి ఆయన లేరు.

సంచయనమైన మర్నాడు అస్థికలను గోదావరికి తీసుకువెళ్ళాలి. గురువుగారి పాత డీజిలు కారులోనే వెళ్ళాలని శకుంతల పిన్నిగారు, అంటే గురుపత్ని, భీష్మించుకు కూర్చున్నారు. కారేమో పోర్టికో దాటకుండానే దగ్గి ఆగిపోతోంది. డీజిలులోని మడ్డినీ నీళ్ళనూ వడకట్టే ఫిల్టరు నిండిపోయింది. “అమ్మా, దారి మధ్యలో ఆగిపోతే ఏం చేస్తాం? వేరే కారు పెడతాను,” అన్నాడు కొడుకు వేణు. పిన్నిగారు ఒకటే మాట అన్నారు. “మీ నాన్న ఇంకొకళ్ళ కారులో వెళ్ళే మనిషేనా? ఆయన్ని పరాయి కారు ఎక్కించి పంపితే నాకు ముద్ద దిగదురా.”

నిజానికి ఆ కారుకూ ఆవిడకూ పాతికేళ్ళుగా పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. కారణం ఫిల్టరే. ఏటా దాన్ని గురువుగారు ఇంట్లోనే, స్వహస్తాలతో మార్చేవారు. షెడ్డులో ఇచ్చొస్తే కారు గొంతు మారిపోతుందని ఆయన భయం. సినిమా మనిషి కనుక ముహూర్తం లేనిదే బానెట్ ఎత్తేవారు కాదు. కొబ్బరికాయ కొట్టాలి, నేను క్లాప్ కొట్టాలి. ఒకసారి హారతి కూడా ఇవ్వబోతే పిన్నిగారు కర్పూరం లాక్కుని, “డీజిలు దగ్గరా? ఇంటిని కూడా ఎఫెక్టు కింద పేల్చేస్తారా?” అని కేకలేశారు. ఫిల్టరు విప్పినప్పుడు కారే డీజిలు పట్టడానికి ఆయన వంటింట్లోంచి ఏదో ఒక గిన్నె ఎత్తుకొచ్చేవారు. ఆ గిన్నె మళ్ళీ పొయ్యి ఎక్కేది కాదు. చారు గిన్నె పోయింది, పిండి కలిపే బేసిన్ పోయింది, ఇడ్లీ పాత్ర మూత పోయింది. “ఇంకో రెండేళ్ళు పోతే మనం విస్తళ్ళలో వండుకోవాలి,” అనేవారు ఆవిడ.

గురుభక్తి ఎంత ఉన్నా ఒక నిజం చెప్పక తప్పదు. భాస్కరం గారు మెకానిక్కుగా దండగ. క్లిప్పు ఊడదీస్తే అది ఇంజను అడుగుకు జారేది. పైపు లాగితే డీజిలు లుంగీ మీద పడేది. అందుకే ముహూర్తం వేళకు షేక్‌పేట నుంచి మెకానిక్ యాదగిరి ‘ఊరికే చాయ్ తాగిపోదామని’ వచ్చి కూర్చునేవాడు. “సార్ చెయ్యి వెడితే బండి అలుగుతది గని, చెవి వెడితే మాత్రం మాట ఇంటది,” అనేవాడు నవ్వుతూ.

ఆ చెవి గొప్పతనం పంపు దగ్గర తెలిసేది. కొత్త ఫిల్టరు బిగించాక గొట్టాల్లో గాలి ఉండిపోతుంది. అది పోయేదాకా చిన్న చేతిపంపును నొక్కుతూ ఉండాలి. తొందరపడి తాళం తిప్పితే బ్యాటరీ నీరసపడుతుంది తప్ప ఇంజను లేవదు. గురువుగారు కళ్ళు మూసుకుని నొక్కుతూ నాకు పాఠం చెప్పేవారు. “విను అమ్మాయ్. ముందు గొణుగుతుంది. తర్వాత గుటకలు వేస్తుంది. ఆఖరికి నోరు మూసుకుంటుంది. అది నోరు మూసుకునేదాకా నువ్వు తాళం ముట్టుకోకు.”

ఇంజను లేచాక కూడా ఎవరూ కారెక్కకూడదు. ఆయన బానెట్ ముందు నిలబడి, తల కాస్త పక్కకు వంచి, అరచెయ్యి పైకెత్తేవారు. రికార్డింగు గదిలోనూ అదే అలవాటు. ఆ చెయ్యి లేస్తే ఊపిరి కూడా మెల్లగా తీసుకోవాలి. కాసేపు విని “ఓకే” అంటేనే మాకు కదలిక. దేవుడి గుడికి వెళ్ళినా, కూరగాయలకు వెళ్ళినా ఆ ఓకే లేనిదే ఆ కారు గేటు దాటింది లేదు.

ఒకసారి జూబ్లీ హిల్స్ నుంచి ఒక నిర్మాత గారు మిక్సింగు తొందరలో ఉండి స్వయంగా వచ్చారు. ఆయన కారు, ఆయన డ్రైవరు, వెనక ఇంకో కారు. గురువుగారు బానెట్‌లోంచి తల ఎత్తకుండానే, “వచ్చారా? ఈ టార్చి పట్టుకోండి,” అన్నారు. పట్టుచొక్కాలో ఉన్న ఆయన బుద్ధిగా టార్చి పట్టుకున్నారు. కాసేపటికి చెయ్యి నొప్పి పుట్టి, “భాస్కరం గారూ, ఈ డొక్కు ఎందుకండీ, మంచి కారు చూసుకోకూడదూ?” అన్నారు. “మంచి కారు తలుపు వేస్తే ‘ప్చ్’ అంటుందండీ. మీ సినిమాలో విలను దిగితే ‘ధభ్’ మనాలా, ‘ప్చ్’ మనాలా?” అని అడిగారు గురువుగారు. ఆ సినిమాలో విలను విదేశీ కారు దిగినప్పుడల్లా హాలు దద్దరిల్లింది మా డొక్కు తలుపుతోనే.

నాకు బూట్లిచ్చింది కూడా ఆయనే. హీరో అడుగులు ఆడమనిషి వెయ్యడమేమిటని కొందరు నసిగితే, “తెర వైపు చూడకండి. కళ్ళు మూసుకుని వినండి. తేడా తెలిస్తే చెప్పండి,” అన్నారు. ఎవరికీ తెలియలేదు. ఇవాళ నేను తింటున్న అన్నం ఆ మాట పెట్టిందే.

ఇక ఆ ఉదయం సంగతి. నేను బానెట్ ఎత్తాను. యాదగిరి పనిముట్లతో వచ్చాడు గాని పని అందుకోలేదు. “సార్ నీకు చెప్పిపోయిండు గద, నువ్వే చెయ్యి. నేనుంట పక్కన,” అన్నాడు. డీజిలు పట్టడానికి ఏదైనా పాత డబ్బా దొరుకుతుందా అని చూస్తుంటే పిన్నిగారు లోపలి నుంచి వచ్చారు. చేతిలో పండగలకు మాత్రమే బయటికి తీసే పరమాన్నం గిన్నె. “ఇదొక్కటే ఆయన చేతికి చిక్కకుండా దాచాను. ఇంకెవరి నుంచి దాచాలి, పెట్టు,” అన్నారు. నాకు ఏడుపు ఆగలేదు. యాదగిరి అటు తిరిగి ముక్కు చీదుకున్నాడు.

పాత ఫిల్టరు తీశాను. కొత్తది బిగించాను. పంపు నొక్కడం మొదలుపెట్టాను. గొణిగింది. గుటకలు వేసింది. మళ్ళీ గొణిగింది. ఎంత నొక్కినా నోరు మూసుకోదు. వేణు గడియారం చూసుకుంటున్నాడు, వేరే కారు వాడికి ఫోను చెయ్యనా అన్నట్టు తల్లి వైపు చూస్తున్నాడు. “చాలు తియ్యమ్మా, జర తాళం తిప్పి చూద్దాం,” అన్నాడు యాదగిరి.

“వద్దు యాదగిరన్నా. ఇంకా గొణుగుతోంది,” అన్నాను.

కళ్ళు మూసుకున్నాను. నొక్కాను. గొణుగుడు వెనక, ఫిల్టరు మూత దగ్గర, సన్నగా ఇంకో చప్పుడు. గాలి లోపలికి పీల్చుకుంటున్న చప్పుడు. మూత విప్పి చూస్తే పాత రబ్బరు రింగు దానికే అంటుకుని ఉంది. దాని మీదే నేను కొత్త రింగు పెట్టి బిగించాను. యాదగిరి నెత్తి కొట్టుకుని, “అచ్చం సార్ శిష్యురాలివే!” అన్నాడు. ఆ రోజు వాకిట్లో అందరం మొదటిసారి నవ్వాం. పిన్నిగారు కూడా.

పాత రింగు తీసి మళ్ళీ బిగించాను. ఈసారి గొణిగింది, గుటకలు వేసింది, నోరు మూసుకుంది. తాళం తిప్పాను. ఇంజను లేచింది.

వేణు అస్థికల కలశంతో మెట్లు దిగాడు. తలుపు దాకా వచ్చి ఆగాడు. నేనూ ఆగాను. బంధువులు సంచులతో నిలబడ్డారు. ఎక్కండని ఎవరూ అనరు, ఎవరూ ఎక్కరు. మేమంతా దేని కోసం ఎదురుచూస్తున్నామో అప్పుడు అర్థమయింది. బానెట్ ముందు స్థలం ఖాళీగా ఉంది.

భాస్కరం గారి వంటి చెవి ఈ పరిశ్రమకు మళ్ళీ దొరకదు. చప్పుళ్ళు పుట్టించేవాళ్ళం ఇంకా ఉన్నాం. వాటిని విని ఇది సరే, ఇది కాదు అని చెప్పే మనిషి వెళ్ళిపోయారు. అది తీరని లోటు అని అందరూ రాసే మాటే నేనూ రాస్తున్నాను, ఎందుకంటే అది నిజం.

పిన్నిగారు మెల్లగా నడిచి వెళ్ళి కారు ముందు నిలబడ్డారు. తల కాస్త పక్కకు వంచారు. అరచెయ్యి పైకెత్తారు. మేం ఊపిరి మెల్లగా తీసుకున్నాం. పాతికేళ్ళు ఆ కారును తిట్టిపోసిన ఆవిడ దాని గొంతు చాలాసేపు విన్నారు.

“ఓకే,” అన్నారు.