దొర తుపాకికి ఏలీయా నడుము

కర్నూలు రాజధాని అయిన కొత్తలో, కొనకనమిట్ల దాపున ఒక మెట్టపల్లెలో ఏలీయా అనే మాదిగ ఉండేవాడు. బావుల్లో నీళ్ళు తోడే తోలు బానలు కుట్టడంలో అతనిది పేరున్న చెయ్యి. ఆ చేతిలో ఒకనాడు ఊరి ఆసామి జగన్నాథం రెండు తుపాకులు పెట్టాడు.

జగన్నాథానికీ మునసబు శ్రీరాములుకూ పడదు. చొక్కా కింద ఎవరికీ కనపడకుండా తుపాకి పెట్టుకొని తిరగాలని జగన్నాథం ఆశ. ఒకటి లైసెన్సున్న రివాల్వరు, రెండోది ఎక్కడినుంచో దొంగతనంగా తెప్పించుకున్న చిన్న పిస్తోలు. రెండింటికీ తోలు ఒరలు కుట్టించాడు. తన ఒళ్ళూ ఏలీయా ఒళ్ళూ ఒకటే కొలత కాబట్టి, తన పాతచొక్కా తొడిగించి, గుండ్లు తీసేసి, ఒకదాని తర్వాత ఒకటి ఏలీయా నడుముకే కట్టించి చూశాడు.

"కూచోరా. లెయ్. ఎట్లుంది?"

"పెద్దదాని పిడి చేతినిండా వస్తాది దొరా. కూచుంటే డొక్కలో పొడస్తాది. చొక్కా గూడా ఉబ్బుతాది."

"చిన్నది?"

"ఉన్నట్టే లేదు. పిడికి రెండు వేళ్ళే ఆనతాయి. మీ చేతికి అది గిలక్కాయ దొరా."

జగన్నాథం నవ్వాడు. "నా చేతి సంగతి నీకెందుకురా! అది కట్టుకోని బజారంతా తిరిగిరా పో. ఎవుని కన్నన్నా పడతాదేమో చూస్తా."

ఏలీయా నడిచాడు. "ఏందిరో, పెళ్ళికొడుకు మాదిరుండావే!" అని అరుగుల మీదివాళ్ళు చొక్కాను చూసి ఎగతాళి చేశారే గాని, నడుమున ఉన్నది ఎవరి కంటా పడలేదు. ఇంతలో మునసబు ఎదురొచ్చాడు. పెద్దకులం మనిషి ఎదురైతే భుజం మీది తువ్వాలు తీసి, నడుము వంచి, పక్కకు తప్పుకోవాలి. ఏలీయా వంగాడు. ఒరలోంచి పిస్తోలు జారి దుమ్ములో పడింది. ఎవరికీ వంగి ఎరగని జగన్నాథానికి, మనిషి వంగితే ఏమవుతుందో చూసుకోవాలని తట్టనే లేదు.

"నన్ను చంపను పంపినాడా!" అని మునసబు కేకలు పెట్టాడు. పోలీసులు వచ్చి ఏలీయాను పట్టుకున్నారు.

"ఆ తుపాకి నాది కాదు. వీడు ఏడ కొట్టుకొచ్చినాడో" అన్నాడు జగన్నాథం.

ఏలీయా భార్య సంతోషమ్మ జగన్నాథం గడప ముందు పడి ఏడ్చింది. అతను తలుపు తీయకుండానే చెప్పాడు: "నా పేరు తీస్తే రేపటినుంచి మీ మాదిగపల్లెలో ఒక్కనికీ కూలి ఉండదు. మీ ఆయనకు చెప్పుకో పో."

ఆ మాట ఏలీయాకు ఆమే మోసుకెళ్ళింది. మార్కాపురం కోర్టులో ఏలీయా నేరం తన మీద వేసుకున్నాడు.

"నీది కానిది నీదంటివే!" అని బయట సంతోషమ్మ గుండె బాదుకుంది.

"మనోళ్ళందురూ బతకాల గదే" అన్నాడు.

జైలునుంచి వచ్చాక ఊళ్ళో ఎవరూ అతనికి తోలు ఇవ్వలేదు. పల్లెవాళ్ళు సైతం ముఖం చాటేశారు. "నీతో మాట్లాడితే దొర కాడ మాకు పని పోతాది అన్నా" అని ఒకడు మొహమాటం లేకుండా అనేశాడు. మొగుడూపెళ్ళాలు మార్కాపురం పలకల గనికి చేరారు. ఆ దుమ్ముకు ఏలీయాకు దగ్గు పట్టింది. చివరికి రక్తం కక్కుకొని పోయాడు.

సంతోషమ్మ పల్లెకు కబురంపింది. మట్టి వేయడానికి ఒక్కరూ రాలేదు. ఆ రోజు జగన్నాథం చేలో కోతలు. పల్లెలో అందరికీ కూలి దొరికింది.