మేనేజరు గారి నిద్ర, మూడు క్యాబుల లిస్టు

పైథాన్‌లో నాలుగు ప్రోగ్రాములు రాయడం వచ్చిన కొత్తలో, ప్రపంచంలో నేను బాగుచేయలేనిదంటూ ఉండదని గట్టిగా నమ్మేవాణ్ణి. అప్పట్లో నాకు రానివాటిలో మొట్టమొదటిది, నాకు రాదని తెలుసుకోవడం. నోయిడాలో ఓ చిన్న కంపెనీలో చేరి ఆరో నెల నడుస్తోంది. ఆ వారం గడిస్తే ఉద్యోగం ఖాయమంటూ మేనేజరు గారు సంతకం పెట్టాలి. పెడతారా లేదా అన్నది నేను రాసిన ఆఫీసు క్యాబుల ప్రోగ్రాము నడకను బట్టి ఉంది. ఏ క్యాబు ఎక్కడెక్కడ ఆగాలో డ్రైవరు ఫోనుకి చెప్పడం దాని పని.

'క్యాబ్' అని ఓ తల్లి క్లాసు, అంటే ప్రోగ్రాములో ఓ అచ్చులాంటిది, రాశాను. దానికి మా క్యాబులు వెళ్లే ఊళ్ల పేర్లతో ఫరీదాబాద్, గురుగ్రామ్, నోయిడా అని ముగ్గురు పిల్లలు. తల్లిలో ఏది రాస్తే అది పిల్లలకు దానంతటదే సంక్రమిస్తుంది. (మా ఇంట్లో నాకు వారసత్వంగా వచ్చింది పలచబడే జుట్టొక్కటే కనుక, ఈ సదుపాయం నాకు మహా ముచ్చటగా తోచింది.) ఆగే చోట్ల లిస్టు కూడా తల్లిలోనే ఒక్కసారి రాసిపడేసి, పిల్లలకు తలా ఒకటి వచ్చేసిందనుకున్నాను. పైగా డ్రైవర్లందరినీ నిలబెట్టి ఉపన్యాసం: "జో ఫోన్ బోలే, వహీ. అప్నా దిమాగ్ మత్ లగానా, భయ్యా." ఫోను ఏం చెబితే అదే చెయ్యాలి, సొంత బుర్ర వాడొద్దని!

మొదటి సాయంత్రమే నోయిడా క్యాబులో మేనేజరు గారు ఎక్కారు. ఇల్లు పావుగంట దూరం. గంటన్నర తరవాత డ్రైవరు ఫోను చేశాడు.

"భయ్యా, ఫరీదాబాద్ హో గయా. అబ్ గురుగ్రామ్."

ఫరీదాబాద్ అయిపోయి, ఇక గురుగ్రామట! సారెక్కడని అరిచాను.

"పీఛే సో రహే హై. జగా దూ?"

వెనక సీట్లో నిద్రపోతున్న సారును లేపొద్దని బతిమాలాను. ఇల్లు తనకు తెలుసుగా, బండి తిప్పేయమన్నాను.

"మాలూమ్ హై. లేకిన్ ఆప్‌నే దిమాగ్ మనా కియా థా. ఫోన్ మే బదల్ దో, ఘుమా లూంగా," అన్నాడు, ఎంతో వినయంగా. బుర్ర వాడొద్దన్నది నేనే కనుక, ఫోనులో మారిస్తేనే తిప్పుతాడట!

పరుగెత్తుకెళ్లి మా టీం లీడరు దీదీ ముందు నిలబడ్డాను. ఢిల్లీలో పుట్టిన తెలుగావిడ. తెలుగంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలో వస్తుంది. ఆవిడకో నియమముంది: కీబోర్డు ముట్టకుండా, చేతులు కట్టుకుని, రాసిందంతా వరసగా నోటితో అప్పజెప్పాలి. అక్కడ సారు నిద్రలో గురుగ్రామ్ వైపు సాగిపోతుంటే, ఇక్కడ నేను వ్రతకథ చదువుతున్నాను.

"లిస్టు తల్లి క్లాసులో పెట్టానండి దీదీ. ముగ్గురు పిల్లలకూ వస్తుంది."

"గాడీ తీన్. లిస్ట్ కిత్నీ?"

"బళ్లు మూడైతే లిస్టులూ మూ..." అనబోయి ఆగిపోయాను. "ఒకటేనండి."

ముగ్గురు పిల్లలూ ఒకే కంచంలో చేతులు పెట్టేశారన్నమాట! ఎవరికి ఏ చోటు వడ్డించినా అది ముగ్గురికీ పోతోంది. "అచ్ఛా, అబ్ హాథ్ ఖోలో," అంది దీదీ. కట్టుకున్న చేతులు విప్పుకుని, ఎవరి లిస్టు వాళ్లకు వేరు పెట్టాను. డ్రైవరు ఫోనులో నోయిడా ఒక్కటే మిగిలింది. బండి తిరిగింది.

ఇంటి గేటు దగ్గర మేలుకున్న మేనేజరు గారు, ట్రాఫిక్ ఎక్కువైందా అని అడిగారట. డ్రైవరు భయ్యా నిజాయితీపరుడు, చూసిన ఊళ్లన్నీ వర్ణించాడు. మర్నాడు నా పరీక్షాకాలం మరో మూడు నెలలు పొడిగించారు. ఆ మూడు నెలలూ రోజుకో క్యాబులో కూర్చుని, అందరూ దిగాకే నేను దిగాలి. చివరికి ఆ సంతకం క్యాబులోనే పెట్టారు, అది తన గేటు ముందే ఆగిందని అద్దం దించి చూసుకున్నాక!

ఛాతీ విరుచుకుని డ్రైవర్లకు పాఠం చెప్పిన ఆ కుర్రాడి మీద ఇప్పుడు కోపం రాదు. ఎక్కడైనా క్యాబు కోసం ఒంటరిగా నిలబడి కనిపిస్తే, దారి ఎంత చుట్టయినా ఇంటిదాకా దింపి రావాలనిపిస్తుంది.