ఆరు ఖాళీ గళ్ళు

తక్ మల్సున్‌ది మా బడి సైన్స్ గదిలో సహాయకురాలి ఉద్యోగం. ఇరవై రెండేళ్ళుగా గాజు సీసాలు కడగడం, పగిలినవి ఊడ్చడం, గదికి తాళం వేయడం ఆమె పని. టీచరు కాదు. కానీ మా వాండో దీవిలో సముద్రం గురించి ఏదైనా తెలుసుకోవాలంటే నాతో సహా టీచర్లందరం ఆ గదికే వెళ్ళేవాళ్ళం.

ఆ ఏడాది క్వాంగ్జూ నగరంలోని ఒక విశ్వవిద్యాలయం, చురుకైన పిల్లలకు శనివారాలు తమ ప్రయోగశాలల్లో సైన్స్ పాఠాలు చెబుతామని, ఒక్కో బడి నుంచి ఒకరి పేరు, ఆ పిల్లలు సొంతంగా చేసిన పని నివేదికతో సహా పంపమని రాసింది. మేం ఆరో తరగతి ఓక్ దాయుల్‌ను ఎంచుకున్నాం. చలికాలమంతా తండ్రి పడవెక్కి, నాచు పెంచే వలల దగ్గర నీటి వేడి, ఉప్పు కొలిచి నోటుబుక్కులో రాసిన పిల్ల. కొలిచే పరికరాలు ఇచ్చింది మల్సునే.

చిక్కు ఆ నోటుబుక్కుతోనే వచ్చింది. దాయుల్ ఎక్కడా తేదీ వేయలేదు. మా దీవిలో పడవలవాళ్ళు రోజును తేదీతో చెప్పరు. ఆటుపోట్లను బట్టి మొదటి నీరు, రెండో నీరు అంటూ పదిహేను రోజులు లెక్కపెట్టి మళ్ళీ మొదలుపెడతారు. పిల్లా అలాగే రాసింది. పైగా ఆరు గళ్ళు ఖాళీ. పక్కన ‘గాలి, పడవ కదల్లేదు’ అని మాత్రం ఉంది.

వైస్ ప్రిన్సిపల్ పియో గారు నన్నూ మల్సున్‌నూ పిలిచారు. తేదీలు వేయించి, ఖాళీల్లో ముందురోజుకీ మర్నాటికీ మధ్య అంకె ఏదో ఒకటి పెట్టించమన్నారు. నగరం పిల్లలు ట్యూషన్లలో దిద్దించుకున్న నివేదికలు అద్దంలా ఉంటాయనీ, వాటి ముందు ఇది నిలవదనీ ఆయన బాధ. చెడ్డవాడేం కాదు. మా బడి నుంచి అప్పటిదాకా ఎవరికీ సీటు రాలేదు.

"వెళ్ళని రోజు వెళ్ళినట్టు రాయించడం నా వల్ల కాదండీ," అంది మల్సున్.

"సంతకం మీది కాదుగా. క్లాసు టీచరుది."

ఆయన నా వైపు చూశారు. దాయుల్ క్లాసు టీచర్ని నేనే.

మల్సున్ దాయుల్‌ను పిలిపించి, ఇలాగే పంపితే సీటు రాకపోవచ్చని దాచకుండా చెప్పింది. పిల్ల నోటుబుక్కు లాక్కుంది. "ఆ రోజుల్లో నాన్నే వెళ్ళలేదు. నేనెలా వెళ్తా?"

ఆ సాయంత్రం ఉన్నది ఉన్నట్టుగా సంతకం పెట్టాను. పియో గారు వారం రోజులు నా బల్ల దగ్గర భోంచేయలేదు.

పది రోజులకు జవాబొచ్చింది. నమూనా ప్రకారం లేదు కనుక పరిశీలించలేమన్నారు. పియో గారు ఆ కాగితం మల్సున్ ముందు పెట్టారు.

"ఇప్పుడేమంటారు?"

"రేపు సెలవు కావాలంటానండీ."

మర్నాడు పిల్లను తీసుకుని మొదటి బస్సుకి క్వాంగ్జూ వెళ్ళింది. మీరెవరని విశ్వవిద్యాలయం ఆఫీసు గుమాస్తా అడిగితే సీసాలు కడిగేదాన్నని చెప్పి, ప్రొఫెసరెవరైనా ఈ పుస్తకం తెరిచి చూసి కాదనేదాకా కదలనని కూర్చుందట. ఇంటి నుంచి తెచ్చుకున్న కింబాప్, అదే నాచు రేకులో చుట్టి ముక్కలుగా కోసిన అన్నం, అక్కడే తిన్నారు. గుమాస్తాకూ రెండు ముక్కలు పెట్టింది. మధ్యాహ్నం దాటాక ఒక ప్రొఫెసర్ వచ్చి, ఖాళీ గడి మీద వేలు పెట్టి ఇదేమిటన్నాడు.

"కొలిచింది నేను కాదు. దాన్నే అడగండి," అని మల్సున్ బయటికి వచ్చేసింది.

అరగంటకు దాయుల్ వచ్చింది.

"ఏమన్నారే?"

"శనివారం క్లాసుకి రమ్మన్నారు. ఒక నెల చూస్తారంట. తేదీలు కూడా వేసుకురమ్మన్నారు."

"వేస్తావా?"

"పక్కన ఇంకో వరస గీసి వేస్తా. ఖాళీల్లో మాత్రం ఏమీ వేయనని చెప్పేశా."